ఒకే ఆల్బమ్‌కి ఇన్ని ప్లేట్లేంది? రాక్ రీఇష్యూల్లో ఏది కొనాలి, ఏది వదిలెయ్యాలి

పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఎల్పీ, అంటే ముల్లుతో వాయించే వినైల్ ప్లేటు, కొందామని ఆన్‌లైన్లో వెతికారనుకోండి. అన్ని అట్టల మీదా అదే నలుపు, అదే పట్టకం, అదే ఇంద్రధనస్సు. ధరలు మాత్రం మూడు వేల చుట్టుపక్కల మొదలై ఎక్కడికో పోతాయి. ఒకటి 2016లో వచ్చిందంటారు, ఒకటి యాభయ్యేళ్ళ ప్రత్యేక ముద్రణంటారు, ఒకటి 180 గ్రాములంటారు, ఇంకోటి పారదర్శకపు ప్లేటంటారు. లోపల పాటలు అవే పది. ఇలా పాత ఆల్బమ్‌ని మళ్ళీ నొక్కి అమ్మేవే రీఇష్యూలు.

బెంగుళూరు, చెన్నైల్లో ఉన్నోళ్ళు అంగడికి పోయి, ప్లేటు బయటికి తీయించి, వెలుతురుకి వంచి చూసుకుని కొంటారు. నెల్లూరు, కావలి, ఒంగోలు వాళ్ళకి ఆ వసతి తక్కువ. కొరియర్ పెట్టె విప్పేదాకా లోపల ఏముందో తెలీదు, విప్పాక నచ్చకపోతే తిరిగి పంపడం ఇంకో తలనొప్పి. కాబట్టి ఎంపిక అంతా డబ్బు కట్టకముందే జరిగిపోవాలి. నేను చూసేవి మూడే: ఈ ముద్రణకి మూలం ఏ టేపు, ముల్లు నడిచే గాడి కట్ చేసింది ఎవరు, ప్లేటు నొక్కింది ఏ కార్ఖానా. ఈ మూడిటికీ జవాబు దొరికితే స్టిక్కరు మీద ఏం రాసున్నా పట్టించుకోనక్కర్లేదు. జవాబు దొరక్కపోతే ఆ ప్లేటు ఎంత అందంగా ఉన్నా నేను కొనను.

అంతకన్నా ముందు మీ ప్లేయర్ సంగతి ఒక మాట. సూట్‌కేసు ఆకారంలో, స్పీకర్లు లోపలే ఉండి, నాలుగైదు వేలకి దొరికే ప్లేయర్లలో సాధారణంగా సిరామిక్ కార్ట్రిడ్జ్ (ముల్లుని పట్టుకుని, దాని కదలికని విద్యుత్తుగా మార్చే భాగం) ఉంటుంది. దాని ముల్లు గాడి మీద అయిదు గ్రాముల దాకా బరువేసి నడుస్తుంది. ఆడియో టెక్నికా ఎల్పీ60ఎక్స్ లాంటి మొదటిమెట్టు ప్లేయర్లలో ఆ బరువు మూడు, మూడున్నర గ్రాములు. అదే కంపెనీ వీఎం95ఈ కార్ట్రిడ్జ్ రెండు గ్రాములతో సరిపెట్టుకుంటుంది, దాని ముల్లు కొస కూడా సన్నగా, అండాకారంలో ఉండి గాడిలో లోతుకి దిగుతుంది. సూట్‌కేసు ప్లేయర్ మీద ఎనిమిది వేల ప్లేటుకీ రెండున్నర వేల ప్లేటుకీ తేడా వినపడదు. అలాంటప్పుడు ఖరీదైన ముద్రణ కొనడం దండగ, ఆ డబ్బు పెట్టి ముందు ప్లేయర్ మార్చండి. ఇది కొందరికి రుచించదని తెలుసు. ఆ సూట్‌కేసు ప్లేయర్లు ఇన్‌స్టాలో బ్రహ్మాండంగా కనపడతాయి మరి.

రీమాస్టర్ వేరు, రీమిక్స్ వేరు

స్టూడియోలో ఒక్కో వాద్యాన్నీ, గొంతునీ విడివిడి ట్రాకుల్లో రికార్డు చేస్తారు. వాటిని కలిపి, ఏది ఎంత వినపడాలో తేల్చి, ఎడమ కుడి రెండు ట్రాకుల టేపుగా దించుతారు. అది మిక్స్. ఆ టేపుని ప్లేటుకి తగ్గట్టు సరిచేసి, లక్కర్ పూసిన అల్యూమినియం పళ్ళెం మీద గాడి కట్ చేసే దశ మాస్టరింగ్. దాన్నుంచి నికెల్ అచ్చులు తీసి, ఆ అచ్చుల మధ్య పీవీసీ ముద్దని పెట్టి నొక్కుతారు. రీమాస్టర్ అంటే పాత మిక్స్‌నే మళ్ళీ సరిచేశారని అర్థం. రీమిక్స్ అంటే మొదటికి పోయి డ్రమ్స్ ఎంత, గిటార్ ఎంత అనేది మళ్ళీ తేల్చారని అర్థం. రీమిక్స్‌లో మీరు ఇరవయ్యేళ్ళుగా విన్న పాట కొత్తగా వినపడొచ్చు. అది కొందరికి పండగ, కొందరికి మంట.

డీప్ పర్పుల్ వాళ్ళ ‘మెషీన్ హెడ్’ దీనికి మంచి ఉదాహరణ. 1971 డిసెంబరులో స్విట్జర్లాండ్ మాంట్రోలో ఆ ఆల్బమ్ రికార్డు చేయడానికి పోతే, ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా అక్కడి క్యాసినో తగలబడిపోయింది. తర్వాత ఖాళీగా ఉన్న ఒక హోటల్లో, రోలింగ్ స్టోన్స్ వాళ్ళ సంచార రికార్డింగ్ లారీని బయట నిలబెట్టి పని కానిచ్చారు. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ ఆ మంటల పాటే. 2024లో వచ్చిన పెద్ద పెట్టె ముద్రణకి ఆ ఆల్బమ్‌ని రీమిక్స్ చేసింది డ్వీజిల్ జప్పా, అంటే ఆ రాత్రి వేదిక మీదున్న జప్పా గారి కొడుకు! కథ ఎంత బాగున్నా, ఈ ఆల్బమ్ మీ దగ్గర అసలు లేకపోతే మొదట 1972 మిక్స్ ఉన్న మామూలు ఎల్పీనే కొనండి. కొత్త మిక్స్‌లో ఏం మారిందో తెలియాలంటే పాతది చెవిలో ఉండాలి కదా.

డిజిటల్ అంటే మైలా?

ప్లేట్లు సేకరించేవాళ్ళలో ఒక మడి ఉంది. టేపు నుంచి లక్కర్ దాకా మధ్యలో ఎక్కడా కంప్యూటర్ తగలకూడదు, అలా వచ్చిందే అనలాగ్, తగిలితే ప్లేటు చెడినట్టే. ఈ మడికి పెద్ద దెబ్బ 2022లో తగిలింది. మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికా కంపెనీ 1970ల చివరి నుంచి ఖరీదైన రీఇష్యూలకి పేరు. అట్ట పైఅంచున ‘ఒరిజినల్ మాస్టర్ రికార్డింగ్’ అనే పట్టీ ఉంటే చాలు, జనం కళ్ళకద్దుకుని కొనేవాళ్ళు. వాళ్ళ ‘వన్ స్టెప్’ వరసలో ఒక్కో ప్లేటు వంద డాలర్ల పైమాటే. ఆ పద్ధతిలో అచ్చు తయారీలో రెండు మెట్లు తగ్గించేస్తారు కాబట్టి ఒక్కో లక్కర్ నుంచి తక్కువ ప్రతులే వస్తాయి, మళ్ళీ మళ్ళీ లక్కర్ కట్ చేయాలి. అలాంటిది మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ ఏకంగా 40,000 ప్రతులు వేస్తామని ప్రకటించారు. అన్ని లక్కర్ల కోసం ఆ అమూల్యమైన టేపుని అన్నిసార్లు తిప్పనిస్తారా అని లెక్క తెలిసినోళ్ళకి అనుమానం వచ్చింది. ఫీనిక్స్ నగరంలో ఒక రికార్డుల అంగడి యజమాని ఆ సంగతి బయటపెట్టాడు, కంపెనీ ఇంజనీర్లు ఒప్పుకున్నారు: 2011 నుంచే చాలా ముద్రణలకి టేపుని ముందు డీఎస్‌డీ అనే డిజిటల్ రూపంలోకి దించుకుని, దాన్నుంచే కట్ చేస్తున్నారు. కొన్నవాళ్ళు కోర్టుకి పోయారు.

నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. ఆ పదకొండేళ్ళూ అవే ప్లేట్లని విని ‘ఆహా, అసలైన అనలాగ్ అంటే ఇదీ’ అని రాసినవాళ్ళు బోలెడుమంది. దాన్నిబట్టి నేను చెప్పేదేంటంటే, మధ్యలో డిజిటల్ ఉండటం దోషం కాదు, ఉందని చెప్పకుండా అమ్మడం దోషం. డైర్ స్ట్రెయిట్స్ ‘బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్’ చూడండి. 1985లో వచ్చిన ఆ ఆల్బమ్‌ని రికార్డు చేసిందే డిజిటల్ టేపు మీద. దానికి ‘పూర్తి అనలాగ్’ ముద్రణ కావాలనడం కుదిరే పని కాదు. అక్కడ అడగాల్సిన ప్రశ్న వేరు. అప్పటి ఎల్పీలో పాటలు పట్టక కొన్నిటిని కత్తిరించారు. సీడీ దాదాపు 55 నిమిషాలుంటే ఎల్పీ 47 దగ్గరే ఆగింది. తర్వాత వచ్చిన రెండు ప్లేట్ల ముద్రణల్లో పాటలు పూర్తి నిడివితో ఉన్నాయి. కాబట్టి ఈ ఆల్బమ్ వరకూ పాత ఒక్క ప్లేటు ముద్రణ కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి, రెండు ప్లేట్లదే తీసుకోండి. ‘అసలు ముద్రణే గొప్ప’ అనే సూత్రం తిరగబడే చోటు ఇది.

బరువు, రంగు, వేగం

180 గ్రాములనేది స్టిక్కరు మీద అన్నిటికన్నా పెద్దగా కనపడే అంకె. 1970ల ప్లేట్లు చాలావరకు 120 నుంచి 140 గ్రాములే, వాటిలో అద్భుతంగా పలికేవి ఎన్నో. గాడి లోతు, వెడల్పు బరువుతో మారవు. మందం ఉంటే ప్లేటు వంగిపోయే అవకాశం కొంచెం తగ్గుతుందేమో గానీ, కార్ఖానాలో సరిగా చల్లారకుండా తీస్తే 180 గ్రాములదీ అప్పడమే. బరువు చూసి డబ్బు ఎక్కువ పెట్టొద్దు.

రంగు ప్లేట్లు ఇప్పుడు మునుపటంత చెడ్డవేం కాదు, మంచి కార్ఖానాలో నొక్కితే నలుపుకీ వాటికీ తేడా పట్టడం కష్టం. బొమ్మ ముద్రించిన పిక్చర్ డిస్కులు మాత్రం గోడకి తగిలించుకోవడానికే. బొమ్మ మీద పలచటి పారదర్శకపు పొర వేసి దానిలో గాడి నొక్కుతారు, వెనక రొద ఎక్కువ. ఇంకో చిన్న తిరకాసు: పారదర్శకపు ప్లేటు మీద పాటకీ పాటకీ మధ్య ఖాళీ కనపడదు, చీకటి గదిలో ముల్లు ఎక్కడ దించాలో తడుముకోవాలి.

వేగం సంగతి మాత్రం నిలబడి చూడాల్సిందే. ప్లేటు నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంటే, బయటి అంచున ముల్లు కింద గాడి సెకనుకి సుమారు 50 సెంటీమీటర్లు పోతుంది. లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 21 సెంటీమీటర్లకి పడిపోతుంది. అంటే ఒక సెకను పాటకి దొరికే గాడి పొడవు సగానికన్నా తక్కువ. అందుకే ఒక పక్క ఆఖరి పాటలో ‘స’కారాలు గరగరమంటాయి, తాళాల మోత ముద్దగా వినపడుతుంది. అదే సంగీతాన్ని 45 వేగంతో రెండు ప్లేట్ల మీద పరిస్తే గాడి పొడవు మూడోవంతు పెరుగుతుంది, ఒక పక్క పది పన్నెండు నిమిషాలే కాబట్టి లేబుల్ దాకా పోవాల్సిన పనీ ఉండదు. తేడా చెవికి తెలుస్తుంది. ఖర్చు కూడా తెలుస్తుంది. ఒక ఆల్బమ్‌కి మూడుసార్లు లేచి ప్లేటు తిప్పాలి. భోంచేస్తూ వినేవాళ్ళకి పనికిరాదు.

ఫ్లీట్‌వుడ్ మాక్ ‘రూమర్స్’కి మాత్రం నేను 45 వైపే. 1977 నాటి ఆ ఆల్బమ్ చేస్తున్నప్పుడే, మళ్ళీ మళ్ళీ తిప్పడం వల్ల టేపు అరిగి పైస్థాయి ధ్వనులు పోతున్నాయని ఇంజనీర్లు గమనించారు. అదృష్టం కొద్దీ తొలి ట్రాకులకి అదనపు నకలు ఒకటి ఉంది. తర్వాత కలిపిన ట్రాకులని దానికి చేత్తో వేగం సరిచేస్తూ జతచేశారట. అంత తంటాలు పడి కాపాడిన స్పష్టత స్టీవ్ హాఫ్‌మన్, కెవిన్ గ్రే కలిసి కట్ చేసిన 45 ముద్రణలో వినపడుతుంది. ధర ఎక్కువనుకుంటే మామూలు 33 ప్లేటు కూడా చెడ్డదేం కాదు. ఈ ఆల్బమ్ మొత్తం నలభై నిమిషాలే, ఒక్క ప్లేటులో ఇరుకు లేకుండా సర్దుకుంటుంది.

హాఫ్ స్పీడ్ అని రాసుంటే, టేపునీ కటింగ్ యంత్రాన్నీ సగం వేగంతో నడిపి గాడి కట్ చేశారని. కట్ చేసే సూదికి సన్నటి ధ్వనులు చెక్కడానికి రెట్టింపు సమయం దొరుకుతుంది. లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో మైల్స్ షోవెల్ దీనికి పేరుపడ్డ ఇంజనీరు. 2015లో పెట్టెగా వచ్చిన క్వీన్ ఆల్బమ్‌లన్నీ ఆయన కట్ చేసినవే. శుభ్రంగా ఉంటాయి. ‘ఎ నైట్ ఎట్ ది ఒపేరా’ కావాలంటే ఆ వరసలో విడిగా అమ్మిన నల్ల ప్లేటు చాలు, పెట్టె మొత్తం అక్కర్లేదు. అయితే హాఫ్ స్పీడ్ అన్న మాట ఒక్కటే చూసి కొనొద్దు. సగం వేగంలో బేస్ ధ్వనులు పట్టడం కష్టమవుతుంది, చేసే చెయ్యిని బట్టి ఫలితం.

డార్క్ సైడ్: అసలు ప్రశ్నకి జవాబు

1973 మార్చిలో వచ్చిన ఈ ఆల్బమ్‌కి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతో ముగుస్తుంది, మధ్యలో నిశ్శబ్దానికి దగ్గరగా పోయే చోట్లు బోలెడు. అందుకని ప్లేటు మీద ఏ చిన్న చిటపట ఉన్నా దాక్కోవడానికి చోటుండదు. ‘మెషీన్ హెడ్’ పాత ప్లేటు గీతలతో ఉన్నా గిటార్ మోతలో కొట్టుకుపోతుంది, ఇది అలా కాదు. సెకండ్‌హ్యాండ్ అమ్మేవాళ్ళు నాణ్యతకి వాడే గుర్తుల్లో వీజీ ప్లస్, అంటే ‘వెరీ గుడ్ ప్లస్’కి తక్కువ ఉన్న డార్క్ సైడ్ ఎంత చవగ్గా వచ్చినా నేను తీసుకోను.

కొత్తవాటిలో 2003లో ముప్ఫయ్యేళ్ళ సందర్భంగా వచ్చినది చాలామంది మెచ్చుకునే ముద్రణ. అసలుకి మల్లేనే పోస్టర్లు, స్టిక్కర్లు వచ్చాయి. ఇప్పుడది సేకరణదారుల ధర పలుకుతుంది, పైగా ఎవరో వాడిందే దొరుకుతుంది. 2016లో పింక్ ఫ్లాయిడ్ సొంత లేబుల్ మీద వచ్చినదాన్ని జేమ్స్ గత్రీ, జోయెల్ ప్లాంట్, బెర్నీ గ్రండ్‌మన్ రీమాస్టర్ చేశారు. గత్రీ ఆ బృందంతో ‘ద వాల్’ రోజుల నుంచీ పనిచేస్తున్నాడు, గ్రండ్‌మన్ ప్లేట్లు కట్ చేయడంలో పండిపోయినవాడు. ఎవరు చేశారు అన్న ప్రశ్నకి ఇంతకన్నా స్పష్టమైన జవాబు దొరకదు. నా ఓటు దీనికే. కొత్తది, సులభంగా దొరుకుతుంది, ధర మధ్యస్థం.

2023లో యాభయ్యేళ్ళకి కొత్త రీమాస్టర్ వచ్చింది. 2016ది ఉన్నవాళ్ళు దీనికోసం పరిగెత్తనక్కర్లేదు. ఏదీ లేనివాళ్ళకి ఆ వారం ఏది చవగ్గా ఉంటే అదే మంచిది, అంతకు మించిన తేడా ఒక మోస్తరు ప్లేయర్ మీద తెలియదు. 2024లో వచ్చిన పారదర్శకపు ముద్రణ మాత్రం వింత. రెండు ప్లేట్లిచ్చి, ఒక్కోదానికి ఒక పక్కే గాడి పెట్టి, రెండో పక్క బొమ్మలు ముద్రించారు. ఒక ప్లేటులో పట్టే 43 నిమిషాల సంగీతానికి రెండు ప్లేట్ల ధర. చూడ్డానికి బాగుంటుందని ఒప్పుకుంటాను, వినడానికి కొనేవాళ్ళకి అది అక్కర్లేదు.

బీటిల్స్ దగ్గర ప్రశ్న మారుతుంది

ఇక్కడ ఎవరు కట్ చేశారన్నదానికన్నా ఏ మిక్స్ అన్నది పెద్ద ప్రశ్న. 1960ల మధ్యలో ఇంగ్లండులో జనం వినేది మోనో, అంటే ఎడమ కుడి తేడా లేకుండా ఒకే ధ్వని. బీటిల్స్ దగ్గరుండి చేయించుకున్నవి మోనో మిక్స్‌లు, స్టీరియో చాలావరకు తర్వాత త్వరత్వరగా కానిచ్చిన పని. తొలి ఆల్బమ్‌ల స్టీరియోలో గొంతులన్నీ ఒక పక్క, వాద్యాలన్నీ ఇంకో పక్క ఉండటానికి కారణం రికార్డు చేసింది రెండే ట్రాకుల మీద. హెడ్‌ఫోన్లో వింటే ఒక చెవి మూసుకుపోయినట్టుంటుంది.

2012లో వచ్చిన స్టీరియో ఎల్పీలు 2009 నాటి డిజిటల్ రీమాస్టర్ల నుంచి చేసినవి. 2014లో వచ్చిన మోనో ఎల్పీలని మధ్యలో డిజిటల్ లేకుండా అసలు టేపుల నుంచి ఆబీ రోడ్‌లో షాన్ మాగీ, స్టీవ్ బెర్కోవిట్జ్ కట్ చేశారు. మొదటి ఆల్బమ్ నుంచి ‘సార్జెంట్ పెప్పర్స్’ దాకా ఏది కొన్నా, మోనో దొరికితే మోనోనే. చిక్కేమిటంటే అవి ఇప్పుడు సులువుగా దొరకవు, దొరికినవాటి ధర మండిపోతోంది. దొరక్కపోతే రెండో దారి, జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్ చేసిన రీమిక్స్‌లు. 2017లో ‘సార్జెంట్ పెప్పర్స్’తో మొదలుపెట్టాడు. 2022 నాటి ‘రివాల్వర్’కైతే ఒకే ట్రాకులో కలిసిపోయిన వాద్యాలని కంప్యూటర్ సాయంతో విడదీసి మరీ మళ్ళీ కలిపాడు. రీమిక్స్ పట్ల నాకున్న అనుమానం ఇక్కడ పనిచేయదు. ‘రివాల్వర్’ పాత స్టీరియోకన్నా ఇది మనిషి చెవికి దగ్గర. ‘ఆబీ రోడ్’కి మోనో మిక్స్ అసలు లేనేలేదు, ఎవరైనా మోనో ఆబీ రోడ్ అమ్ముతానంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. 2019 రీమిక్స్ హాఫ్ స్పీడ్‌లో కట్ చేసింది, 2012ది పాత మిక్స్. రెండూ బాగుంటాయి, చవకైనది తీసుకోండి.

బీటిల్స్ పేరుతో ఇంకో రకం ప్లేట్లు తిరుగుతుంటాయి. ఐరోపాలో 1963కి ముందు వచ్చిన రికార్డింగులకి యాభయ్యేళ్ళు నిండాక హక్కులు తీరిపోయాయి. 1962 నాటి ‘లవ్ మీ డూ’ అలా బయటపడింది. దాంతో ఎవరెవరో లేబుళ్ళ మీద తొలినాటి పాటలు, రేడియో కచేరీలు చవగ్గా దిగుతున్నాయి. వాటి మీద మూలం ఏంటో, ఎవరు కట్ చేశారో రాసుండదు. సీడీ నుంచి దించి ప్లేటు నొక్కినా మనకి తెలిసే దారి లేదు. వెయ్యి రూపాయలు తక్కువైనా వద్దు.

లెడ్ జెపెలిన్ సంగతి సులభం. 2014, 2015ల్లో జిమ్మీ పేజ్ స్వయంగా పూనుకుని అన్ని ఆల్బమ్‌లూ రీమాస్టర్ చేయించాడు, జాన్ డేవిస్ పని. డిజిటల్ ఫైళ్ళ నుంచే కట్ చేశారు, అయినా దిట్టంగా ఉంటాయి, మామూలు ఒక ప్లేటు ముద్రణ అందుబాటు ధరకి దొరుకుతుంది. రెండో ఆల్బమ్‌కి 1969లో రాబర్ట్ లుడ్‌విగ్ కట్ చేసిన తొలి అమెరికా ముద్రణ గురించి అందరూ చెప్పుకుంటారు. లేబుల్ పక్కన నున్నటి పట్టీ మీద ‘ఆర్‌ఎల్’ అని చెక్కి ఉంటుంది. అందులో బేస్ ఎంత జోరుగా ఉందంటే, రికార్డు కంపెనీ పెద్దాయన కూతురి చిన్న ప్లేయర్ మీద ముల్లు ఎగిరిపోయిందని, దాంతో మళ్ళీ మెత్తగా కట్ చేయించారని కథ. ఇప్పుడు దాని ధరకి ఒక మంచి ప్లేయర్ వస్తుంది. ఆ కథ విని ఆనందించి, 2014ది కొనుక్కోండి.

డమ్‌డమ్ ప్లేట్లు, మూర్ మార్కెట్

మనకి అందుబాటులో ఉన్న ఇంకో దారిని చాలామంది మర్చిపోతారు. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా కార్ఖానా మన హెచ్‌ఎంవీ పాటలతో పాటు బీటిల్స్, పింక్ ఫ్లాయిడ్ కూడా నొక్కింది. ఘంటసాల భగవద్గీత ఎల్పీ వచ్చిన చోటి నుంచే ‘ఆబీ రోడ్’ కూడా వచ్చింది. కొన్నిటికి ఇంగ్లండు నుంచి వచ్చిన లోహపు అచ్చులే వాడారు, నున్నటి పట్టీ మీద చెక్కిన నంబరు ఇంగ్లండు ముద్రణ నంబరుతో సరిపోతే అది గుర్తు. అలాంటిది శుభ్రంగా దొరికితే అసలు టేపుకి దగ్గరైన కటింగు, విదేశీ తొలి ముద్రణ ధరలో చిన్న భాగానికి వచ్చినట్టే.

‘శుభ్రంగా దొరికితే’ అన్నదాంట్లోనే ఉంది కష్టమంతా. అప్పటి పీవీసీ నాణ్యత ఒక్కో ఏడు ఒక్కో రకం, ఆపైన మన ఇళ్ళల్లో బరువు ముల్లుతో అరగదీసినవి. చెన్నై సెంట్రల్‌లో రైలు దిగితే పక్కనే మూర్ మార్కెట్. పాత ఎర్ర కట్టడం 1985లో కాలిపోయాక అంగళ్ళు పక్కనున్న కొత్త సముదాయానికి మారాయి. అక్కడ ప్లేటు కొనేటప్పుడు ట్యూబులైటు కింద చూడొద్దు, ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి చూడండి. వెంట్రుక గీతలు పెద్ద సమస్య కాదు. గోటికి తగిలే గీత ఉంటే ఆ పాట అక్కడ టిక్కుటిక్కుమంటుంది. గాడులన్నీ బూడిదరంగుకి తిరిగి ఉంటే గీతలు లేకపోయినా వదిలెయ్యండి, అది ముల్లు నమిలేసిన ప్లేటు, ఏ కడుగుడుకీ బాగవదు. మధ్య కన్నం చుట్టూ లేబుల్ మీద సన్నటి గీతలు ఎక్కువుంటే అన్నిసార్లు తడుముతూ పెట్టారని, అంటే అన్నిసార్లు వాయించారని.

లెక్క కడితే, హోరు ఎక్కువున్న రాక్‌కి డమ్‌డమ్ ప్లేటు లాభం. నిశ్శబ్దాలున్న ఆల్బమ్‌లకి కొత్త రీఇష్యూ లాభం. విదేశాల్లో అమ్మేవాళ్ళ దగ్గర నేరుగా తెప్పించుకోవడం మాత్రం ఆఖరి దారి. తపాలా ఖర్చు, కస్టమ్స్ సుంకం, దానిమీద ఐజీఎస్టీ కలిపి చూసుకుంటే, మన దేశంలో దిగుమతిదారు అమ్మే ధరే చాలాసార్లు నయమనిపిస్తుంది.

రోహిణి కార్తెలో కొనొద్దు

మన వైపు ఎండల సంగతి చెప్పనక్కర్లేదు. మే నెలలో పార్సిల్ గోడౌన్లోనూ లారీలోనూ రెండు మూడు రోజులు ఉడికి వస్తుంది. పీవీసీ వేడికి మెత్తబడే పదార్థం. రెండు ప్లేట్ల పెట్టెలు, ఖరీదైన 45లు జులై దాటాక తెప్పించుకుంటే మేలు. ఎప్పుడు వచ్చినా పెట్టె విప్పేటప్పుడు ఫోన్లో వీడియో తీయండి, ప్లేటుని ప్లేయర్ మీద పెట్టి పక్కనుంచి అంచు ఎగిరెగిరి పడుతోందా చూడండి. అమ్మినవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఆ వీడియోనే సాక్ష్యం. అంగడి నుంచి తెచ్చుకుంటే ఎండలో నిలబెట్టిన కారులో వదిలి భోజనానికి పోవద్దు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తడి ఇంకో శత్రువు. గాడుల్లో తెల్లటి బూజు పడుతుంది. లోపలి కాగితపు తొడుగులు తడి పీలుస్తాయి, వాటిని తీసేసి లోపల పాలిథీన్ పొర ఉన్నవి వేసుకోండి. అట్ట మీద వేసే దళసరి పీవీసీ కవర్లు మన ఉక్కకి మసక పుట్టిస్తాయి, అవీ పాలిప్రొపిలీన్‌వే మంచివి. ప్లేట్లు నిలువుగానే పెట్టాలి, సముద్రం వైపు గోడకి ఆనించకుండా. కడగడానికి డిస్టిల్డ్ వాటర్‌లో కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి మెత్తటి గుడ్డతో గాడి వెంబడే తుడవండి. తాతగారి నాటి, నిమిషానికి 78 సార్లు తిరిగే ప్లేట్లు ఇంట్లో ఉంటే వాటికి ఆ నీళ్ళు తగలనివ్వొద్దు. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్ వాటిని కరిగిస్తుంది. ఎల్పీ ముల్లు కూడా వాటికి పనికిరాదు, వాటి గాడి వెడల్పు వేరు.

రోలింగ్ స్టోన్స్ ‘స్టికీ ఫింగర్స్’ కొనాలనుకునేవాళ్ళకి ఇంకో జాగ్రత్త. 1971లో చిత్రకారుడు ఆండీ వార్‌హోల్ ఆలోచన మేరకు అట్ట మీద నిజం జిప్పు కుట్టారు. దొంతరల్లో పేర్చి పంపితే ఆ జిప్పు పక్క ప్లేటు గాడుల్ని నొక్కేసింది. తర్వాత జిప్పుని సగానికి లాగి, నొక్కుడు లేబుల్ మీద పడేట్టు చేసి పంపారు. రీఇష్యూల్లో కొన్నిటికి నిజం జిప్పు, కొన్నిటికి జిప్పు ఫోటో. వినడానికైతే ఫోటో ఉన్నదే తీసుకోండి. నిజం జిప్పుదే కావాలని పట్టుపడితే, అరలో పెట్టేటప్పుడు దానికీ పక్క ప్లేటుకీ మధ్య ఒక దళసరి అట్టముక్క అడ్డం పెట్టండి.